చీకటి గదికి సందె దీపం

వాసవీకుమారి అంటే నాకు మొదట్లో గిట్టేది కాదు. తర్వాత గిట్టిందని అబద్ధం చెప్పను. మేడమీద అద్దెకు దిగిన నన్ను చూసి ఆవిడ అన్న మొదటి మాట, "మీ తడి చీరల నీళ్ళు నా పాచి మీద కారుతున్నాయి, తీగ జరుపుకోండి" అని. ఊరూ పేరూ అడగలేదు. నేనూ తీగ జరపలేదు. ఎవరిదో పాచి కోసం నా చీరలు ఎందుకు జరుపుతాను?

ఇల్లు బరంపురంలో, బడా బజారు వెనక వీధిలో. వాసవి అన్నయ్య కూర్మారావు గారిది మసాలా దినుసుల టోకు వ్యాపారం. కొట్టు బజార్లో, సరుకు గదులు ఇంటి పెరట్లో. జీలకర్ర, మిరియాలు, పసుపు కొమ్ములు, రాతిపువ్వు, అన్నీ బస్తాలతో దిగేవి. ఆయన నోట్లో నాలుక లేని మనిషి. ఇంట్లో నాలుకలన్నీ ఇద్దరు ఆడవాళ్ళు పంచుకున్నారు: ఒకరు ఆయన భార్య గౌరి, రెండోవారు పెళ్ళి వద్దని కూర్చున్న చెల్లెలు వాసవి.

వాసవి ఊళ్ళో ఒక పెద్ద కాలేజీలో వృక్షశాస్త్రం డిమాన్‌స్ట్రేటరు. ఉద్యోగం తాత్కాలికం. డాక్టరేటు వస్తే ఉంటుంది, ఆ ఏడాది చివరికి సిద్ధాంతవ్యాసం ఇవ్వకపోతే ఊడుతుంది. ఎనభయ్యో దశకం మొదట్లో మాట ఇది. ఆవిడ పరిశోధన చేసేది లైకెన్ల మీద. అంటే రాళ్ళకీ చెట్ల బెరడుకీ పట్టే ఒక రకం పాచి. ఇంట్లో వాళ్ళ భాషలో చెప్పాలంటే గడ్డి, బూజు, దరిద్రం.

"అన్నయ్య కొట్లో అమ్మే రాతిపువ్వు కూడా ఇదే జాతి. అది బస్తాల్లో వస్తే లక్ష్మి, నా సంచీలో వస్తే దరిద్రమా?" అని వాసవి అడిగేది. వదినని కాదు, గోడని అడిగేది. వాళ్ళిద్దరికీ మాటల్లేవు.

మాటలు ఎందుకు పోయాయో నాకు పక్కింటి కాసమ్మ చెప్పింది. వాసవి మహేంద్రగిరి నుంచి మొదటిసారి తెచ్చిన లైకెన్లని మేడమీద నీడలో ఆరబెట్టుకుంది. పక్కనే గౌరి పెట్టిన గుమ్మడి వడియాలు ఎండుతున్నాయి. ఎక్కడి బూజో వడియాలకి అంటుకుంటుందని గౌరి ఆ లైకెన్లన్నీ ఊడ్చి కాలవలో పోసింది. సాయంత్రం వచ్చిన వాసవి ఒక్క మాట కూడా అనకుండా వడియాలన్నీ తీసుకెళ్ళి కాకులకి వేసింది. ఏడాదికి సరిపడా వడియాలు. అప్పటినుంచి ఉప్పూ నిప్పూ. వాసవికి చెప్పాల్సింది గౌరి రుబ్బురోలుకి చెప్పేది, గౌరికి చెప్పాల్సింది వాసవి గోడకి చెప్పేది. మధ్యలో కూర్మారావు గారు అటూ ఇటూ తిరిగే తపాలా బంట్రోతు. ఆయన సగం మాటలు దారిలోనే పారేసేవాడు.

నేను ఆడపిల్లల కాలేజీలో తెలుగు చెప్పుకునేదాన్ని. కందకు లేని దురద కత్తిపీటకెందుకని వాళ్ళ గొడవల్లో తలదూర్చలేదు. కానీ వాసవికి తన పాచి గురించి చెప్పుకోవడానికి ఒక మనిషి కావాలి, ఇంట్లో ఎవరూ వినరు, అందుకని మెట్లెక్కి వచ్చేది. వచ్చి కూర్చుని, నేను పెట్టిన టీ బాగాలేదని చెప్పి, తాగి, మొదలెట్టేది.

ఆవిడ పట్టుకున్న లైకెను తడిస్తే నల్లగా, జిగురుగా ఉబ్బుతుంది. ఎండితే కాలిన కాగితంలా ముడుచుకుంటుంది. అందులో ఇద్దరు కాపురముంటారట. ఒకటి శిలీంధ్రం, ఇంకొకటి వెలుతురుతో వంట చేసుకునే నీలిపచ్చ జీవి. ఆ నీలిపచ్చది గాలిలోని నత్రజనిని పట్టి ఎరువుగా మార్చగలదు. ఎరువు బస్తాల కోసం జనం కొట్టుకు చస్తున్న రోజుల్లో, ఎవరూ వెయ్యకుండా అడవి తనకి తాను వేసుకునే ఎరువు అది.

"నత్రజని పట్టడానికి బలం కావాలి. ఆ బలం వెలుతుర్లో చేసుకున్న తిండి నుంచి వస్తుంది. మరి చీకట్లో పెడితే?" అని నన్ను అడిగేది.

"మానేస్తుంది."

"వెంటనే మానదు. మన ఇంట్లో పొయ్యి వెలగకపోతే ఆ పూటే చచ్చిపోతామా? అటుకులో, మరమరాలో ఉంటాయి కదా. అలాగే దాచుకున్న దాంతో కొన్నాళ్ళు పనిచేస్తుంది. ఎన్నాళ్ళో అదే నేను తేల్చాలి."

తేల్చడానికి చీకటి గది కావాలి. కాలేజీలో ఒకటుంది, తాళం విభాగాధిపతి బాబూరావు గారి దగ్గర. ఆయన వాసవికి గైడు కూడా. గైడంటే దారి చూపేవాడని నేననుకునేదాన్ని, ఈయన దారికడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చునే రకం. చీకటి గదిలో ఆయన తన పాత కుర్చీలు, అధ్యాపక సంఘం ఎన్నికల బ్యానర్లు పెట్టుకున్నాడు. ఖాళీ చెయ్యమంటే, "అమ్మా వాసవీ, చీకటి ఎక్కడైనా దొరుకుతుంది. మీ ఇంట్లో చూసుకో" అన్నాడు. ఆ మాటకి స్టాఫ్ రూములో అందరూ నవ్వారు.

వాసవి ఇంట్లోనే చూసుకుంది. పెరట్లో ఒక సరుకు గదికి కిటికీ లేదు. అది వాళ్ళ నాన్న వ్యాపారం మొదలెట్టిన రోజున పసుపు బస్తాలు దింపిన గది. ఇప్పుడు సరుకు కొత్త గదుల్లోకి పోయి, ఇందులో విరిగిన తక్కెడలూ ఖాళీ గోనెసంచులూ ఉన్నాయి. "నాకు ఆ గది ఇయ్యి అన్నయ్యా. తలుపు ఎవరూ తియ్యకూడదు, గది చీకటిగా ఉండాలి. వదినకి గట్టిగా చెప్పు" అంది. ఆయన చెప్పాడు. ఎంత గట్టిగా చెప్పాడో దేవుడికెరుక.

లైకెన్లని తడి కాగితం పరిచిన వెడల్పాటి పళ్ళేల్లో పెట్టింది. ముందు రేకు డబ్బాల్లో పెట్టింది గానీ బరంపురం ఉక్కకి వాటి మీద బూజు పట్టింది. పాచికి బూజు పట్టడమేమిటని గౌరి రుబ్బురోలుకి చెప్పి నవ్వింది. అందుకని మూతలు తీసేసి, గదినే డబ్బాగా వాడుకుంది. కొన్ని పళ్ళేలు వరండాలో పగటి వెలుతురులో, కొన్ని గదిలో చీకట్లో. తెల్లవారకముందే టార్చికి ఆకుపచ్చ కాగితం చుట్టుకుని లోపలికెళ్ళి నీళ్ళు చిలకరించేది. వారానికోసారి చిన్న చిన్న ముక్కలు సీసాల్లో వేసి, కార్బైడు నుంచి తీసిన గ్యాసు ఎక్కించి, కాలేజీలోని యంత్రం దగ్గరికి పట్టుకెళ్ళేది. ఆ గ్యాసు ఎంత మారితే నత్రజని పట్టే శక్తి అంత ఉన్నట్టు లెక్క. కార్బైడుకి కుళ్ళిన వెల్లుల్లి కంపు. ఆ కంపు మీద గౌరి రుబ్బురోలుకి చాలా చెప్పింది, వీధి చివరిదాకా వినబడేలా.

వారాలు గడిచాయి. వాసవి ముఖం వెలిగిపోతోంది. చీకట్లో ఉన్న లైకెన్లు నత్రజనిని పడుతూనే ఉన్నాయి. వెలుతుర్లో ఉన్నవాటి కన్నా తక్కువే, కానీ ఆగడం లేదు. పుస్తకాల ప్రకారం కొద్ది రోజుల్లో ఆగిపోవాలి. "మహేంద్రగిరి లైకెను పుస్తకాలు చదవలేదు" అని మెట్లెక్కి వచ్చి నాతో అంది. ఆవిడ నవ్వడం నేను చూసింది ఆరోజే. అదీ బాబూరావు గారిని తలుచుకుని నవ్వింది.

కాలేజీలో సెమినారు పెట్టారు. వాసవి చెప్పింది బాబూరావు గారు చివరిదాకా విని, కళ్ళజోడు తుడుచుకుని, ఒక్కటే అన్నాడట. "లైకెన్లో తప్పు లేదమ్మా. నీ చీకటే చీకటి కాదు."

"ఆ గదికి కిటికీ లేదు సార్."

"అయితే కన్నం ఉండుంటుంది. చీకటి ఎలా ఉంటుందో కూడా తెలియనివాళ్ళకి డాక్టరేట్లు!"

వాసవి అగ్గి మీద గుగ్గిలమైంది. మీ చీకటి గదిలో కుర్చీలు పెట్టుకున్నారు కాబట్టే మా ఇంట్లో చేసుకున్నానని అందరి ముందూ అరిచి, సీసాలన్నీ సంచీలో వేసుకుని, మామూలు వేళకి ముందే ఇంటికి బయల్దేరింది. తా పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషి, దారి పొడుగునా ఆ మూడు కాళ్ళనే లెక్కపెట్టుకుంటూ వచ్చి ఉంటుంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. వాసవి ఎప్పుడూ సందెవేళకి ఇంట్లో ఉండేది కాదు. ఆ వేళకి గౌరి దీపం పెడుతుంది. జుట్టు విరబోసుకోకు, తుమ్మకు, పడుకోకు, గుమ్మంలో నిలబడకు అని రుబ్బురోలు ద్వారా సవాలక్ష ఆంక్షలు వస్తాయి. ఆ గోల పడలేక వాసవి కావాలనే కాలేజీలో పొద్దుపుచ్చి, కూర్మారావు గారి కొట్టుకి అన్నం క్యారియర్ వెళ్ళిపోయాక వచ్చేది. ఆరోజు కోపంలో వేళ చూసుకోలేదు.

నేను మేడమీద పిట్టగోడ దగ్గరున్నాను. పెరట్లో సరుకు గదులు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. రోజూ చూసేదే కాబట్టి నాకేమీ వింతగా లేదు; వాటిలో వాసవి గది ఏదో నేనెప్పుడూ పట్టించుకోలేదు. గౌరి చేతిలో అగరొత్తులు పట్టుకుని స్విచ్చులు వేసుకుంటూ వస్తోంది. కిటికీ లేని గది దాకా వచ్చింది. తలుపు తీసింది. లోపల పళ్ళేల మీద వేలాడే పెద్ద బల్బు భగ్గున వెలిగింది. సరిగ్గా అప్పుడు వాసవి పెరటి గుమ్మంలో అడుగుపెట్టింది.

"వదినా!"

ఆ ఇంట్లో ఆ పిలుపు వినబడి రెండేళ్ళ పైమాట. గౌరి ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది.

"ఆ గదిలో లైటు వేస్తున్నావా?"

"ఏస్తాను. ఏం?"

"ఎన్నాళ్ళబట్టి?"

"ఎన్నాళ్ళబట్టేటి? నీ గడ్డి రాకముందు కాణ్నుంచీ ఏస్తన్నాను. నాను ఈ ఇంటికి కాపరానికొచ్చిన్నాడు మీ అమ్మ నాకప్పజెప్పిన పని. సందెవేళ ఈ ఇంట్లో ఏ గదీ సీకటిగా ఉండకూడదన్నాది."

"చీకటిగా ఉంచమని అన్నయ్యతో చెప్పించాను కదా!"

"సెప్పేరు. పగలల్లా సీకట్లోనే కదా ఉంచేను? తుడవలేదు, తలుపైనా తియ్యలేదు. సందె దీపం పెట్టి, మీ అన్నయ్యకి క్యారియర్ కట్టీదాకా ఉంచి ఆర్పేస్తాను. అది ఎలుగు కోసమేటి?"

"వెలుగు కాకపోతే మరేటది?"

"దీపం" అంది గౌరి. చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది.

వాసవి సంచీ కింద పడేసింది. లోపల సీసాలు భళ్ళుమన్నాయి. "నాకు సెప్పక్కర్లేదా? ఒక్క మాట సెప్పక్కర్లేదా?" అని అరిచింది. చదువుకున్న భాషంతా పోయి ఇంటి భాష వచ్చేసింది.

"మనకి మాటలున్నాయేటి సెప్పడానికి?"

వాసవి గదిలోకి వెళ్ళి పళ్ళేల ముందు చతికిలబడింది. రోజూ సందెవేళ ఆ బల్బు కింద ఆ పాచి కడుపునిండా తింటోందని, ఆ తిండితోనే మర్నాటి చీకట్లో పనిచేస్తోందని అప్పుడు తెలిసింది. గౌరి అగరొత్తులు తలుపు సందులో గుచ్చి, బల్బు ఆర్పకుండానే వెళ్ళిపోయింది.

తర్వాత వాసవి మేడమీదకి వచ్చి నా మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుంది. ఏడవలేదు. బాబూరావు గారికి ఈ సంగతి తెలీదు కదా, వచ్చిన ఫలితం అలాగే రాసెయ్యండని నేనన్నాను. ఇప్పటికీ నాకది పెద్ద తప్పుగా తోచదు. ఆయన లాంటివాడి చేతిలో ఓడిపోవడం కన్నా ఒక పాచిని ఎక్కువ పొగడడం ఏం నేరం?

"ఆయనకి తెలీదు. పాచికి తెలుసు" అని లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే బాబూరావు గారి గదికి వెళ్ళి జరిగిందంతా చెప్పింది. "నే చెప్పలేదూ?" అని ఆయన మధ్యాహ్నానికల్లా కాలేజీ అంతా చెప్పాడు. వదిన దీపం, వదిన దీపం అని స్టాఫ్ రూములో ఒకటే నవ్వులు. గడువు మాత్రం ఒక్క పూట కూడా పొడిగించనన్నాడు. చేస్తే మళ్ళీ మొదటినుంచి చెయ్యాలి. కొండ మీద వానలు తగ్గుముఖం పడుతున్నాయి. ఇప్పుడు తెచ్చుకుంటేనే లైకెన్లు పచ్చిగా దొరుకుతాయి. తెచ్చి చీకట్లో పెడితే, ఆ ప్రయోగం నడిచే రోజుల మధ్యలో దీపావళి పడుతుంది.

వ్యాపారస్థుల ఇంట్లో దీపావళి అంటే మాటలా! సరుకున్న ప్రతి గదిలో లక్ష్మీపూజ, ప్రతి గూట్లో ప్రమిద. అందులోనూ కిటికీ లేని ఆ గది పెద్దాయన మొదటి సరుకు దింపిన గది. మొదటి దీపం అక్కడే పెట్టడం ఆనవాయితీ.

వాసవి కొండకి వెళ్ళి కొత్త లైకెన్లు తెచ్చుకుంది. తెచ్చి, సరాసరి వంటింటి గుమ్మంలో నిలబడింది. గోడ జోలికి పోలేదు.

"వదినా, దీపావళి దాటీదాకా ఆ గదిలో చిన్న వెలుగు కూడా పడకూడదు. సందె దీపం కూడా వద్దు."

"కుదరదు. ఒరియావోళ్ళ ఇళ్ళల్లో కూడా సంజబతి పెట్టకుండా గది ఒగ్గేయరు. నాను ఒగ్గేస్తానా?"

"అయితే నా చదువు ఇంతటితో సరి. ఉద్యోగం పోతుంది. ఇంకెక్కడికి పోతాను? జన్మంతా ఈ ఇంట్లోనే నీకెదురుగా కూచుంటాను."

గౌరి చేతిలో గరిటె ఆగింది. "పాసైతే ఎల్తావా?"

"డాక్టరేటుంటే వేరే ఊళ్ళో పెద్ద పోస్టు వస్తుంది. వెళ్తాను."

"ఒట్టా?"

"ఒట్టు."

గౌరి పొయ్యి మంట తగ్గించి గరిటె పక్కన పెట్టింది. "గది నీది, గడప నాది. లోపల నీ సీకటి నువ్వుంచుకో. తలుపు బయట గడప మీద నా దీపం నాను పెడతాను. సందుల్లోంచి పోతే పోతాదేమో, నువ్వు కప్పుకో. నన్ననకు."

అలా సంధి కుదిరింది. స్నేహం మాత్రం కాదు. తలుపు లోపలి వైపు వాసవి నల్లగుడ్డ రెండు మడతలు వేసి మేకులు కొట్టింది. బల్బు ఊడదీసేసింది. దీపం తిన్న పాత లైకెన్ల పళ్ళేలు పారెయ్యకుండా, పక్కనే ఇప్పుడు పసుపు బస్తాలుండే గదిలోకి, దాని కిటికీకి కూడా నల్లగుడ్డ కొట్టి, మార్చింది. "ఇక్కడ మాత్రం మామూలుగా నీ దీపం వెయ్యి" అంది. "అది నువ్వు నాకు సెప్పక్కర్లేదు. ఏసీదే" అంది గౌరి. రోజూ సందెవేళ పసుపు గదిలో బల్బు, కిటికీ లేని గది గడప మీద ప్రమిద. గౌరి అలా ప్రమిద పెట్టి, తలుపు వైపు ఒక్క చూపు చూసి, మూతి తిప్పుకుని పోయేది.

దీపావళి రానే వచ్చింది. వీధిలో పిల్లలు గోగు కాడల దివిటీలు తిప్పుతున్నారు. కూర్మారావు గారు పట్టు పంచె కట్టుకుని, వెలిగించిన ప్రమిదల పళ్ళెం పట్టుకుని, వెనక బంధువులతో పెరట్లోకి వచ్చారు. మొదటి దీపం మొదటి గదిలో పెట్టాలి. అక్కడ గౌరి కొత్త చీరలో గడప మీద కూర్చుని ఉంది, వీపు తలుపుకి ఆనించి.

"ఏటే, పండగ పూట గుమ్మంలో కూకున్నావు? లెగు."

"లెగను. ఈ ఏడు ఈ గదికొద్దు. తతిమ్మావాటికి పెట్టుకురండి."

"మతుండే మాట్లాడతన్నావా? నాన్న సరుకు దింపిన గదే ఇది! ఇక్కడ పెట్టకుండా ఇంకే గదికి పెడతాను? నలుగురూ ఏటనుకుంటారు?"

"అనుకోనియ్యండి. లోపల దాని గడ్డుంది. ఎలుగు తగిలితే సచ్చిపోతాదంట, దాని పరీక్ష."

"ఆ పాచి కోసం లక్ష్మిని బయట నిలబెడతావా?" ఆయన గొంతు మొదటిసారి పెరగడం విన్నాను.

"ఆవిడికి కోపమొస్తే నా మీద రమ్మనండి. మిమ్మల్నీ, యాపారాన్నీ ఏటీ సెయ్యొద్దని నాను సెప్పుకుంటాను. ఇన్నేళ్ళు ఒక్క సందె తప్పకుండా పెట్టేను, ఒక్కేడు నా మాట ఇనదేటి?"

"నీకూ దానికీ పడదు కదే!"

"పడదు. ఎవులన్నారు పడతాదని? ఇది పాసవ్వాలి, ఇల్లొదలాలి. మీ సెల్లి మొకం ఎన్నాళ్ళు సూడమంటారు నన్ను?"

వాసవి నూతి చప్టా దగ్గర నిలబడి అంతా వింటోంది. కూర్మారావు గారు పళ్ళెంలోంచి ఒక ప్రమిద తీసి భార్య పక్కన గడప మీద పెట్టి, తల వంచుకుని పక్క గదికి వెళ్ళిపోయారు. బంధువుల్లో ఒక ముసలామె లెంపలు వాయించుకుంది. ఆ ఏడు సరుకులో ఏ నష్టమొచ్చినా గౌరి నెత్తికే చుట్టుకుంటుందని అక్కడున్న అందరికీ తెలుసు. గౌరికి ఇంకా బాగా తెలుసు. బాణాసంచా అంతా అయ్యేదాకా అక్కణ్నుంచి కదల్లేదు.

వాసవి కృతజ్ఞత చెప్పిందా? రామ రామ! మర్నాడు పొద్దున్నే నూతి దగ్గర బకెట్టు కోసం ఇద్దరూ దెబ్బలాడుకున్నారు. ఇప్పుడు రుబ్బురోలు మధ్యలో లేదు కాబట్టి ఇంకా సూటిగా తిట్టుకున్నారు. నాకు ఒళ్ళు మండి మేడమీద తలుపు ధడేల్మని వేసుకున్నాను.

ఫలితాలు వచ్చాయి. నిజమైన చీకట్లో పెట్టిన లైకెన్లు మొదట్లో బాగానే పనిచేశాయి. తర్వాత రోజురోజుకీ తగ్గాయి, ఆఖరికి ఆగిపోయాయి. కొండ మీద బాగా ఎండపడే చోట పెరిగినవి ఎక్కువ కాలం నిలిచాయి, నీడలో పెరిగినవి తొందరగా చేతులెత్తేశాయి. దాచుకున్న వెలుగును బట్టే చీకట్లో బతుకు. బాబూరావు గారు అన్నదే నిజమైంది. ఆ సంగతి తన చేత్తో వ్యాసంలో రాసుకోవలసి వచ్చినరోజు వాసవి అన్నం తినలేదు. పసుపు గదిలోవి మాత్రం, రోజుకి అంత కాస్త బల్బు వెలుగు మీద, ఆగకుండా నత్రజని పడుతూనే ఉన్నాయి. అదీ రాసింది.

మౌఖిక పరీక్షకి ఎవరైనా వెళ్ళి కూర్చోవచ్చన్నారు. నేను వెళ్ళాను. బయటి ఊరినుంచి వచ్చిన పరీక్షకుడు పండితుడు, కానీ కోడిగుడ్డుకి ఈకలు పీకే మనిషి. చీకటి పళ్ళేల దగ్గర ఆగలేదు, పసుపు గది దగ్గర పట్టుకున్నాడు.

"రోజూ ఒకే వేళకి, ఇన్ని వారాలు, లైటు వేసి ఆర్పింది ఎవరు? మీరేనా?"

"కాదు సార్. మా వదిన."

బాబూరావు గారు కిటికీలోకి చూసి నవ్వుకున్నాడు. వెనక బెంచీల్లో ఎవరో వదిన దీపం అని గొణిగారు.

"ఆవిడకి సైన్సు తెలుసా?"

"తెలీదు సార్."

"మరి ఒక్కరోజు మర్చిపోయి ఉండొచ్చు. వేళ మారి ఉండొచ్చు. మీకు నచ్చాలని, మీకు కావలసినట్టు చేసి ఉండొచ్చు. ఇంట్లోవాళ్ళు చేసిన పనిని నేనెలా నమ్మేది?"

వాసవి అంది. "మాకు పడదు సార్. నాకోసం వేసి ఉంటే మీరు అనుమానించాల్సిందే. ఆవిడ నాకోసం వెయ్యలేదు. ఆవిడకి జ్వరమొచ్చినా ఆ దీపం తప్పలేదు. దీపం పెట్టనివ్వనిది ఒక్కసారే, దీపావళినాడు, ఆ పక్క గదిలో. అది మాత్రం నాకోసం."

గదిలో ఎవరూ నవ్వలేదు. పరీక్షకుడు తర్వాతి పేజీకి వెళ్ళిపోయాడు.

నేను ఇంటికొచ్చి గౌరికి చెప్పాను. ఆవిడ కుంచంలో బియ్యం కొలుస్తోంది.

"నా సంగతేటడిగేరు టీచరమ్మా?"

అంతా చెప్పాను.

"పడదని కూడా సెప్పిందా? అంతమందిలో?"

"చెప్పింది."

"నిజమే సెప్పింది" అని బియ్యం మళ్ళీ మొదటినుంచి కొలవడం మొదలెట్టింది.

ఎండాకాలంలో వాసవికి వేరే ఊరి కాలేజీలో పోస్టు వచ్చింది. రిక్షా ఎక్కేటప్పుడు కూడా, తాడు సరిగ్గా కట్టలేదని వదిన, కట్టడం నీకు తెలీదని ఆడపడుచు, పోట్లాడుకున్నారు. రిక్షా వీధి మలుపు తిరిగేదాకా గౌరి గుమ్మంలో తిడుతూనే ఉంది.

ఆ సాయంత్రం నేను పిట్టగోడ దగ్గర చీరలు తీసుకుంటున్నాను. గౌరి అగరొత్తులు పట్టుకుని గదుల వెంట స్విచ్చులు వేసుకుంటూ వస్తోంది. కిటికీ లేని గది ముందు ఆగింది. తలుపు బార్లా తీసే ఉంది. నల్లగుడ్డ లేదు, పళ్ళేలు లేవు, బల్బు మళ్ళీ బిగించి ఉంది. స్విచ్చు మీద చెయ్యి వేసి, వెయ్యకుండా, తలెత్తి మేడమీదకి చూసింది.

"టీచరమ్మా, ఇందులో ఏసుకోవచ్చేటి?"

"వేసుకోండి. లోపల ఏమీ లేదుగా" అన్నాను.

"అవును, ఏటీ లేదు" అంది. చెయ్యి స్విచ్చు మీదే ఉంది. పక్క గదుల్లో దీపాలన్నీ వెలుగుతున్నాయి, గౌరి ఇంకా ఆ గడప దగ్గరే నిలబడి ఉంది.